చమురు మార్చు వేళ

నియమవాది: మద్రాసు మోటార్సు వారును ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీవారును కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించినది మొదలు, తిరువొత్తియూరు కర్మాగారమునుండి అర్ధశతాబ్దమునకు పైగా వెలువడుచు వచ్చిన ఇనుప సిలిండరు బుల్లెట్టుకు మూడు వేర్వేరు చమురు అరలు కలవన్న సంగతిని దానిని నిత్యము నడుపువారిలోనే పలువురు ఎరుగరు. ఇంజనుకు రెండు లీటర్లకు పైచిలుకు, ఎడమవైపున నున్న ప్రైమరీ చెయిన్‌కేసుకు అరలీటరుకు లోపు, ఇంజను వెనుక బిగించిన గేరుబాక్సుకు మరికొంత. ఎరిగినవారైనను మొదటిదానిని మార్పించి, రెండవదానిని మెకానిక్కు దయకు విడిచి, మూడవదానిని బండి అమ్ముకొనువరకు ముట్టరు. అందువలన నేను చెప్పునది ఒక్కటే నియమము: మూడువేల కిలోమీటర్లు తిరుగగనే బండిని స్టాండు వేసి, మూడు ప్లగ్గులును ఒక్క పూటలోనే విప్పించి, మూడింటను క్రొత్త ఆయిలు పోయింపవలెను. లెక్క ఒక్కటైనచో మరపునకు తావుండదు. ఈ బండి తాతలనాటిది. దానిని మనుమలకు అందింపదలచిన వానికి రెండు లీటర్ల ఆయిలు వెల ఒక వెల కాదు.

పరీక్షావాది: మీ శ్రద్ధను గౌరవించుచునే నేను ప్రశ్నింపవలసియున్నది. ఒకే యింటిపేరుగల ముగ్గురు మూడు వేర్వేరు వృత్తులలో నుండగా, ముగ్గురిని ఒకే యేట పదవీవిరమణ చేయుమనుట వంటిది మీ నియమము. ఇంజనులోని ఆయిలు అగ్నికి ఎదురుగా నిలిచి పనిచేయును. పిస్టను రింగుల సందునుండి దిగివచ్చు మసియు, కాలని పెట్రోలును, దహనమువలన పుట్టిన ఆమ్లములును, నీటియావిరియు దానిలో నిరంతరము కలియుచుండును. ప్రైమరీలో దహనము లేదు. అక్కడి ఆయిలు గొలుసు లంకెల అరుగుదలను, క్లచ్ ప్లేట్లనుండి రాలు పొడిని, చలికిని వేడికిని మారుచుండు కేసు లోపలి తేమను మాత్రమే భరించును. గేరుబాక్సులోని చమురునకు ఆ క్లచ్ పొడియు లేదు. ఒక పంటిపై మరియొక పన్ను జారుచు ఒత్తునపుడు వాటి నడుమ చితికిపోక నిలుచుటయే దాని పని; అందుకై దానిలో గంధక భాస్వర సమ్మేళనములు కలుపుదురు. పొగ యెరుగని ఆ అరలో ఆ సమ్మేళనములు మూడువేల కిలోమీటర్లకు వ్యయమగుననుటకు నాకు ఏ హేతువును కనబడదు. చేటు కారణములు మూడు విధములైనపుడు కాలపరిమితియు మూడు విధములుగా నుండవలదా? అమెరికాలోని హార్లే-డేవిడ్‌సన్ వారి పెద్ద ట్విన్ బండ్లకును మూడు అరలే. ఇటీవలి బండ్లకు ఆ కంపెనీవారు పుస్తకమున అచ్చువేసిన లెక్క చూడుడు: తొలి వేయి మైళ్లకు మూడింటిని మార్పించి, ఆపైన ఇంజనుకు 8,000 కిలోమీటర్లు, ప్రైమరీకి 16,000, గేరుబాక్సుకు 32,000. బండిని కట్టినవారే మూడింటికి మూడు గడువులు పెట్టిరి.

నియమవాది: ఆ అంకెలను నేను కాదనను, కాని అవి ఏ యంత్రమునకు చెప్పబడినవో గూడ చూడవలెను. హార్లే ఇంజనునకు బయట మరతో బిగించు కాగితపు ఫిల్టరు కలదు. మన పాత బుల్లెట్టునకు కుడివైపు టైమింగు కవరులో ఒదిగియుండు చిన్న గుడ్డ ఫిల్టరే దిక్కు. దాని పంపులు ఇయ్యగలిగిన ఆయిలు ధార సన్నము. ఆ సన్నని ధారయే క్రాంకులో తొలిచిన రంధ్రము వెంట పోయి బిగ్ఎండ్ బేరింగును బ్రతికించవలెను. ఆయిలు ట్యాంకు వేరుగా గాలిలో వ్రేలాడదు. క్రాంకుకేసు పోతలోనే భాగమై యుండుటవలన ఇంజను వేడినంతయు చమురే మోయును. ఇట్టి యంత్రమునకు పరాయి యంత్రపు గడువును అంటగట్టుట న్యాయము కాదు.

మరియొక సంగతి. ఒక లీటరు పెట్రోలు దహనమైనచో దాదాపు ఒక లీటరు నీరు పుట్టునని రసాయనశాస్త్రము చెప్పుచున్నది. అందులో అధికభాగము ఆవిరియై సైలెన్సరు దారిన పోవును. కొంత రింగులను దాటి క్రిందికి దిగును. విజయవాడలో గాని కాకినాడలో గాని ఇంటినుండి అంగడికి, అంగడినుండి ఇంటికి తిరుగు బండి ఎన్నడును పూర్తిగా వేడెక్కదు. వేడెక్కని ఆయిలులోని నీరు ఆవిరి కాజాలదు, పెట్రోలు ఎగిరిపోజాలదు. అవి రెండును మసితో కలిసి జిడ్డు మడ్డియై అడుగున పేరుకొనును. ఆమ్లములను విరుచుటకు ఆయిలులో ముందుగనే కలిపిన క్షారద్రవ్యము దినదినము కరగిపోవును. అది తరిగినదని కంటికి తెలియునా? చేతికి తెలియునా? తెలియదు గనుకనే గడువును తగ్గించి పెట్టవలెను. నా మూడువేలు భయమునుండి పుట్టిన అంకె యనుడు. ఆ భయమునకు కారణము కలదు.

పరీక్షావాది: మీరు చెప్పిన దృష్టాంతమే మీ లెక్కను త్రోసివేయుచున్నది. అంగడికి పోయివచ్చు బండి యేడాదికి వేయి కిలోమీటర్లైనను తిరుగదు. మీ నియమము చొప్పున దాని ఆయిలు మూడేండ్లు నీటిలో నానవలెను. హైదరాబాదునుండి శ్రీశైలమునకు, అచ్చటనుండి నంద్యాలకు నిలుకడగా సాగు బండియో, ఆయిలును చక్కగా కాగనిచ్చి, నీటిని పెట్రోలును ఎప్పటికప్పుడు వెళ్లగొట్టుకొని, నెల తిరుగకమునుపే మూడువేలు దాటును. దానికి మీరు ఇంకను సేవ చేయగలిగిన ఆయిలును పారబోయింతురు. చేటు పొందిన దానిని ఉంచి, బాగున్న దానిని పారవేయించు కొలమానము మీటరులోని కిలోమీటరు.

నియమవాది: అందులకు నేను తలవంచుచున్నాను. కిలోమీటర్లతోపాటు నెలలనుగూడ లెక్కింపవలెను. మూడువేలు గాని ఆరునెలలు గాని, ఏది ముందు వచ్చిన అదియే గడువు.

పరీక్షావాది: సంతోషము. అయినను మీరు ఒక అంధలెక్కకు మరియొక అంధలెక్కను తోడుచేసితిరే గాని, కన్ను తెరువలేదు. ఆయిలును చూచుటకు మార్గములు లేవా? బండి నడిచివచ్చిన వెంటనే ఆయిలు కొలపుల్లను తీసి, దాని కొననుండి ఒక్క బొట్టును తెల్లని వడపోత కాగితముపై జారవిడిచి, గాలి సోకని చోట కొన్ని గంటలు ఉంచుడు. క్షేమముగానున్న ఆయిలు మధ్యనుండి అంచువరకు బూడిదరంగున సమముగా పరచుకొనును. మసిని విడివిడిగా తేల్చియుంచు శక్తి దానిలో ఇంకను గలదన్నమాట. చేటుపొందిన ఆయిలైనచో నల్లని ముద్ద నట్టనడుమ గడ్డకట్టి నిలుచును, దాని చుట్టును స్పష్టమైన గీతతో పలుచని జిడ్డు వలయము ఏర్పడును. నీరు చేరెనేమో యను సందేహము కలిగినచో వేడిపెనము మీద ఒక్క చుక్క వేయుడు; నీరున్నచో చిటపటమనును, లేనిచో ఊరక పొగయును. ఈ రెంటికిని కాగితమును పెనమును తప్ప వేరు పరికరము లేదు. ఆయిలు నల్లబడినదని మాత్రమే మెకానిక్కు మాటపై పారబోయించువారిని చూచి నేను నొచ్చుకొందును. మసిని తనలో తేల్చియుంచుకొని మోయుచున్నందువలననే అది నల్లబడినది; మోయుట దాని ధర్మము.

పాత బుల్లెట్టులో ఇంజను ఆయిలునకు గల ఒక భాగ్యమునుగూడ మీరు లెక్కింపలేదు. 2009లో వచ్చిన క్లాసిక్కు మొదలైన క్రొత్త యంత్రములలో ఇంజను, క్లచ్, గేర్లు మూడును ఒకే చమురున మునిగియుండును. ఉష్ణమందు చిక్కదనము నిలుపుటకు ఆయిలులో కలుపు దీర్ఘాణువులను గేరు పండ్లు నిరంతరము తెగగొట్టుచుండును. పాత బండిలో ఇంజను ఆయిలు గేర్ల కోరలకు చిక్కదు. ఇంత రక్షణ గల ఆయిలునకు, దూరప్రయాణములు చేయు బండియైనచో, అయిదువేలు ఎక్కువ కాదని నా యభిప్రాయము.

నియమవాది: బొట్టు పరీక్ష మంచిదే, కాని అది చెప్పగలిగినది మసిని మోయు శక్తిని గురించి మాత్రమే. క్షారము ఎంత మిగిలెనో, లోహమును లోహమునుండి కాపాడు జింకు సమ్మేళనము ఎంత ఖర్చయ్యెనో, బిగ్ఎండ్‌నుండి ఎంత ఇనుము రాలెనో కాగితపు బొట్టు చెప్పదు. అది చెప్పగలిగిన విద్య లేకపోలేదు. కాజీపేట, గుత్తి వంటి రైల్వే డీజిల్ షెడ్లలో ఇంజను ఆయిలును మాటిమాటికి తీసి, వర్ణపట యంత్రముపై పరీక్షించి, ఇనుము పెరిగెనా, రాగి పెరిగెనా, దుమ్ము చొచ్చినదని తెలుపు సిలికాన్ పెరిగెనా యని చూచి, ఏ భాగము అరుగుచున్నదో ఇంజను విప్పకయే నిర్ణయింతురు. వందలకొలది లీటర్ల ఆయిలు మోయు లోకోమోటివునకు ఆ పరీక్ష లాభము. రెండు లీటర్ల బుల్లెట్టుకు పరీక్ష ఖర్చుతో క్రొత్త ఆయిలే కొనవచ్చును. పరీక్షింపలేనివాడు ఏమి చేయవలెను? ముందే మార్చవలెను. తెలియని చోట జాగ్రత్తయే జ్ఞానమునకు ప్రతినిధి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాతి దుమ్ములో తిరుగు బండివానికి ఆయిలు గడువు పొడిగింపుమని చెప్పుటకు నాకు నోరు రాదు. గాలి ఫిల్టరును దాటి చొచ్చిన ఆ పొడి సిలిండరును సానపట్టునట్లు అరుగదీయును.

గేరుబాక్సు విషయమున మాత్రము మీ వాదమే బలవత్తరముగా తోచుచున్నది. దానిని నేను మూడువేల గడువునుండి విడిచిపెట్టుచున్నాను. ప్రైమరీని విడువను.

పరీక్షావాది: ప్రైమరీలో దహనము లేదని నేను ముందే చెప్పితిని గదా, ఎందులకు విడువరు?

నియమవాది: అందలి ఆయిలు చెడునన్న భయము ఒక్కటే కారణము కాదు, ఆ మూత విప్పినపుడు కనబడునది మరెన్నడును కనబడదు. క్రాంకు చివర ఆల్టర్నేటరు అచ్చటనే యున్నది. దాని రోటరు అయస్కాంతము గనుక గొలుసునుండి రాలిన ఇనుప రజను తనవైపు లాగికొని అంచులకు గడ్డము వలె అంటించుకొనియుండును. మూత తీసి గుడ్డతో తుడిచిన చేతికే అది ఎంతయున్నదో తెలియును. గొలుసు సాగినదో లేదో, టెన్షనరు దానిని బిగించుటకు ఇంకను చోటున్నదో లేదో, కవరు రబ్బరు ఎండి బీటలు వారినదో అప్పుడే కనబడును. అన్నింటికంటె ముఖ్యము ఆయిలు మట్టము. పోసినదానికంటె ఎక్కువ బయటికి వచ్చినచో క్రాంకు ఎడమవైపు సీలు చెడి ఇంజను ఆయిలు ఇటువైపు జారుచున్నదని అర్థము. యజమాని ఇంజను ఆయిలు తాగుచున్నదని రింగులు మార్పించుటకు సిద్ధపడియుండును, తాగినది ప్రైమరీ. తక్కువ వచ్చినచో క్లచ్ గొలుసు రెండును ఎండి నడుచుచున్నవి. బజారున దొరుకు కొన్ని కార్ల ఆయిలులలో ఘర్షణ తగ్గించు ద్రవ్యములుండును. తెలియక వాటిని ఇందులో పోసినచో గేరు వేసి రేజు చేసినను ఇంజను అరచును గాని బండి సాగదు. జపానువారు 1998లో మోటారుసైకిలు ఆయిలులకు జాసో ఎంఏ యను ప్రమాణమును ఏర్పరచినది తడి క్లచ్చు జారకుండుటకే. ఎవడు ఏమి పోసెనో విప్పి చూచినగాని తెలియదు. కావున ప్రైమరీ విషయమున ఆయిలు మార్చుట ఒక నెపము, చూచుట అసలు పని.

పరీక్షావాది: ఈ మాట నన్ను నిజముగా ఆలోచింపజేసినది. చూచుటయే అసలు పనియైనచో మనమిరువురమును ఒకే పక్షమున నున్నాము. కాని చూచుటకై ప్రతిసారియు పారబోయుట ఎందులకు? మట్టము తెలుపు ప్లగ్గును విప్పి, వేలు ముంచి, వాసన చూచి, రంగు చూచి, తిరిగి బిగింపవచ్చును. మాటిమాటికి విప్పుటలోను హాని కలదు. ఈ బండి కేసులు అల్యూమినియమువి. ఉక్కు ప్లగ్గును బలవంతుడైన కుర్రవాడొకడు పొడవైన పిడిగల స్పానరుతో బిగించినచో లోపలి మర తెగును. మరొకమారు విప్పినపుడు వెండిరంగు తీగ చుట్టలు చుట్టుకొని ప్లగ్గుతోపాటు వెలికివచ్చును. ఆపైన ఎన్ని వాషర్లు వేసినను కారుచునే యుండును. రాగి వాషరు మార్పకుండ పాతదానినే వేయుట, మట్టము దాటించి పోయుట, గేరుబాక్సులో పోయవలసినదానిని ప్రైమరీలో పోయుట, ఇవన్నియు మార్పించుట వలన పుట్టిన వ్యాధులు. గేరుబాక్సులో కంచు బుష్షులున్నవి. కార్ల డిఫరెన్షియలుకై చేసిన తీవ్రమైన గేరు ఆయిలులలో కొన్ని పచ్చలోహములను తినివేయును. మంచి ఆయిలును తీసి చెడు ఆయిలును పోసినవాడు నియమము తప్పినవాడు కాడు, మీ నియమమునే పాటించినవాడు.

నియమవాది: అది చేతి దోషము, నియమ దోషము కాదు.

పరీక్షావాది: నియమము చేతులద్వారానే గదా అమలగును! ఇంకొక సంగతి మీ ముందుంచకుండ ముగింపలేను. తీసిన ఆయిలు ఎక్కడికి పోవుచున్నది? షెడ్డు వెనుక మట్టిలోనికి, మురుగుకాలువలోనికి, లేదా తలుపుల మడతబందులకు పూయుటకు, కొయ్యకు చెదలు పట్టకుండ పూయుటకు. ఒక్క గ్యాలను వాడిన ఆయిలు పదిలక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరించుచున్నది. మన దేశమున 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనలు వాడిన ఆయిలును ఆ జాబితాలోనే చేర్చినవి. 2024 ఏప్రిలు 1 నుండి ఆయిలు ఉత్పత్తిదారులకే దాని పునఃశుద్ధి బాధ్యతయు విధింపబడినది. చట్టము వచ్చినది గాని ఊరి చివర షెడ్డు వెనుకనున్న నల్లని నేల అట్లే యున్నది. అవసరము లేక తీసిన ప్రతి రెండు లీటర్లును ఆ నేలపాలే గదా. భూమిపై శ్రద్ధ లేని యంత్రశ్రద్ధను నేను సంపూర్ణముగా మెచ్చుకొనలేను.

నియమవాది: ఈ నింద న్యాయమైనదే, దానికి నా యొద్ద ఎదురువాదము లేదు. నియమమునకు ఒక పంక్తిని చేర్చుచున్నాను: తీసిన ఆయిలును మూతగల డబ్బాలో పట్టి, అనుమతి గల సేకరణదారునకు చేర్పని షెడ్డులో ఆయిలు మార్పింపరాదు. కాని అరిగిపోయిన ఇంజను ఊరకుండదు. రింగులు తెగి, ఆయిలును మండించి, నీలిపొగగా వీధి పొడవునను విడుచును. రీబోరింగు చేయించుటకు మరల ఇనుము, మరల ఖర్చు, మరల వ్యర్థము. ఇంజను ఆయుర్దాయమును నిలిపిన రెండు లీటర్లు ఆ మూల్యమునకు తగినవే. ఇంజను ఆయిలు విషయమున మూడువేలును ఆరునెలలును నా తుదిమాట. దుమ్ము దారులలో తిరుగువానికి అంతకంటె ముందే.

పరీక్షావాది: అయిదువేలును బొట్టు పరీక్షయు నాది, పట్టణమున వేడెక్కక తిరుగు బండికి మాత్రము కిలోమీటర్లు చూడక మీ ఆరునెలలనే అంగీకరింతును. ప్రైమరీని ఏడాదికొకసారి విప్పించి చూచుటకు మీ హేతువు నన్ను ఒప్పించినది; విప్పినపుడు ఆయిలు ఎట్లును క్రిందికి వచ్చును గనుక క్రొత్తది పోయించుటకును అడ్డుచెప్పను. గేరుబాక్సును పదివేలవరకు కదలింపకుడు. కదలించిననాడు ప్లగ్గుకు అంటిన మట్టిని వ్రేళ్లనడుమ రుద్ది చూడుడు: మెత్తని బూడిదరంగు ముద్దయైనచో అది సహజమైన అరుగుదల, గోటికి తగులు పెళుసైన ముక్క దొరికినచో ఆయిలు మార్చినను ఫలములేదు, పెట్టె విప్పవలసినదే.

నియమవాది: సెకండుహ్యాండు బండి కొన్నవాడు ఏమి చేయవలెను? ఎవరెప్పుడు ఏమి పోసిరో చెప్పు నాథుడుండడు. అమ్మువాడు మొన్ననే మార్పించితినని చెప్పును.

పరీక్షావాది: ఆ బండి విషయమున మీరు చెప్పినదే సరి. బొట్టు పరీక్షకు గూడ ముందు ఏ ఆయిలు పోసిరో తెలిసియుండవలెను. ఇంటికి తెచ్చిననాడే మూడును తీయించి, గుడ్డ ఫిల్టరును రాగి వాషర్లును మార్పించి, ఏ అరలో ఏ ఆయిలు ఎంత పోసినదియు తేదీతోను మీటరు అంకెతోను ఒక కాగితముపై వ్రాసి, టూల్‌బాక్సులో పెట్టించుడు.